మా ఆగూ నడుస్తాడు

వెల్లుల్లి పీకే రోజుల్లో యూన్లిన్ పల్లెల్లో నిటారుగా నిలబడ్డ మనిషి కనబడితే వాడు ఓట్లడగడానికి వచ్చినవాడైనా అయి ఉండాలి, దారి తప్పినవాడైనా అయి ఉండాలి. మిగతా జనమంతా నడుం వంచే ఉంటారు. అలాంటిది ఆ వసంతంలో ఒక పెద్దమనిషి పొద్దున్నించీ తన పొలం గట్టు మీద నిటారుగా, చేతులూపుకుంటూ చుట్టూ తిరుగుతున్నాడు. కాళ్లకు నిమ్మపండు రంగు బూట్లు, నెత్తిన వెడల్పాటి టోపీ, వీపున సంచి. సంచిలో ఏముందయ్యా అంటే ఇటుకలు. బరువు అలవాటు కావాలట. ఆయన పేరు ఆగూ.

ఆగూ అంటే అక్కడి మాటలో ఎద్దు. మన చెవికి అది ఇంకోలా వినిపిస్తే అందులో ఆయన తప్పేమీ లేదు. ఆ నడక చూసినవాళ్లకి మన అర్థమే సరిపోయినట్టుంటుంది, అది వేరే సంగతి.

పొలం పట్టుమని మూడెకరాలు లేదు. ఒక చుట్టు తిరిగి రావడానికి వక్క నమిలినంత సేపు పట్టదు. కాబట్టి దూరపు నడక సాధన చెయ్యాలంటే గానుగెద్దులా తిరిగిందే తిరగాలి. ఉత్తరాన సరుగుడు చెట్ల వరస, పడమట కాలువ, దక్షిణాన పక్కవాళ్ల వరిమడి, తూర్పున పూతకొచ్చిన కొండవేప చెట్టు. మళ్లీ సరుగుడు చెట్లు. సముద్రపు గాలి మట్టిని లేపి మొహాన కొడుతోంది. ఊరంతా వెల్లుల్లి వాసన. ఆగూ మాత్రం హిమాలయాలెక్కుతున్నవాడిలా మొహం బిగించుకుని నడుస్తున్నాడు.

ఆయన భార్య లేహూన్ కూలివాళ్లతోబాటు సాళ్లలో కూర్చుని వెల్లుల్లి పీకుతోంది. ఆయన దగ్గరగా వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి అనకపోతే ఆమెకు పని సాగదు. "ఏమయ్యా, ఎలాగూ తిరుగుతున్నావు, ఆ ఇటుకలు పారేసి రెండు కట్టలు వెల్లుల్లి వేసుకోరాదూ? నీ సాధనా అవుతుంది, సరుకూ షెడ్డుకి చేరుతుంది," అంది ఒకసారి. కూలివాళ్లు నవ్వారు. అది నిజంగానే మంచి ఆలోచన కావడంతో ఆగూ చేతులు ఇంకా గట్టిగా ఊపుకుంటూ వెళ్లిపోయాడు.

షెడ్డు నీడలో చక్రాల కుర్చీలో కూర్చున్నావిడ ఆగూ తల్లి. పేరు బోంగ్చీ. అంటే "సరే, పెంచుదాంలే" అని అర్థం. మళ్లీ ఆడపిల్లే పుట్టిందని నిట్టూర్చి పెట్టిన పేరు. ఆ పెంచుదాంలే పెరిగి పెద్దదై, ఆ పేరు పెట్టినవాళ్లందరినీ కాటికి సాగనంపి, ఎనభై ఎనిమిదో ఏట కూడా కత్తెర పట్టి వెల్లుల్లి కాడలు కత్తిరిస్తోంది. కొడుకు ఒక చుట్టు పూర్తి చేసినప్పుడల్లా ఒక పాయ తీసి ఒడిలో పక్కన పెడుతుంది. ఆవిడ లెక్కలో తప్పు పట్టినవాడు ఆ ఇంట్లో ఇంతవరకూ లేడు.

ఈ గొడవంతటికీ మూలం ఆవిడే. లాంతర్ల పండుగ నాడు అందరూ తియ్యటి ఉండలు తింటుంటే, "నాకో పాత మొక్కుంది. అది తీరకుండా నేను పోలేను," అంది. సరే, తీర్చేద్దాం అన్నారు. ఏటా వసంతంలో ఊళ్ల మీదుగా రోజుల తరబడి సాగే మాజూ అమ్మవారి పల్లకీ వెనక, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ, అంతదూరమూ కాలినడకన రావాలట. ఎవరు నడవాలి అంటే, "మా ఆగూ నడుస్తాడు అని మొక్కాను," అంది. తిన్న ఉండ ఆగూ గొంతులో అడ్డం పడింది. మొక్కేది ఒకరు, మోకాళ్లరిగేది ఇంకొకరు. దేవుళ్లతో లావాదేవీలంటే ఇలాగే ఉంటాయి.

ఇందులో చిత్రమేమిటంటే, ఆగూ పడుచువాడుగా ఉన్నప్పుడు ఆ యాత్రకి పోతానని ప్రాణం తీశాడు. స్నేహితులంతా సంచులు కట్టుకుని పోతుంటే తనూ కట్టుకున్నాడు. ఈ తల్లే అడ్డం కూర్చుంది. వెల్లుల్లి ఎవరు పీకుతారు, మీ తాతా అని అడిగింది. మరుసటేడూ అదే మాట. ఆ మరుసటేడు ఏకంగా అతని బూట్లు దాచేసింది. తల్లికి తను కొడుకుగా కన్నా పొలం పనికే ఎక్కువ అక్కరకొస్తాడని ఆగూకి అప్పుడే అర్థమైంది. తీరా మోకాలు అరిగి, కుర్చీలోంచి లేవాలంటే "అమ్మా" అనాల్సిన వయసులో, ఆవిడకి మొక్కు గుర్తొచ్చింది.

తప్పించుకోడానికి ఆగూ చెయ్యని ప్రయత్నం లేదు. ఊళ్లో గుడికెళ్లి, అమ్మవారి జవాబు తెలుసుకోడానికి వేసే నెలవంక ఆకారపు చెక్కలు రెండూ చేతిలో పట్టుకుని, అమ్మా, బస్సులో పల్లకీ వెనకే వస్తాను, చాలదా అని అడిగి నేల మీద వేశాడు. రెండు చెక్కలూ వెల్లకిలా పడ్డాయి. అంటే అమ్మవారు నవ్వుతోందన్నమాట. పోనీ స్కూటరు మీద వస్తానన్నాడు. మళ్లీ నవ్వింది. డబ్బిచ్చి ఇంకెవరినైనా నడిపిస్తానన్నాడు. ఈసారి రెండూ బోర్లా పడ్డాయి. కుదరదంది. చివరికి ఏడుపు గొంతుతో, నేనే నడవాలా అని అడిగాడు. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా. సరే అని. ఇంకోసారి వేశాడు, సరే. మూడోసారీ సరే. మూడుసార్లు పడితే ఇంక ఖాయమే. అమ్మవారికి నోరు లేదు గానీ వెటకారం మాత్రం వచ్చు.

అదంతా గుడిలో స్తంభం పక్కనుంచి చూసినవాడు చుయిసింగ్. ఎరువుల దుకాణం వాడు. ఏటా యాత్రకి పోతాడు, ఏటా వచ్చి ఊరందరికీ చెబుతాడు. దారి పొడుగునా జనం పిలిచి పిలిచి పెట్టే పెసర పాయసాలూ, ఆకుల్లో చుట్టిన అన్నం పొట్లాలూ తిని, వెళ్లినప్పటి పొట్టకి ఇంకాస్త కలుపుకుని తిరిగొస్తాడు. అడక్కుండానే ఆగూకి గురువైపోయాడు. పెద్ద సైజు బూట్లు కొనిపించింది అతనే, కాలివేళ్ల మధ్య వాజలీను పూయించింది అతనే, ఇటుకల ఆలోచనా అతనిదే. తను మాత్రం ఏనాడూ ఇటుకలు మోసినవాడు కాదు.

ఇవాళ పొద్దున్నే గట్టు దగ్గర స్కూటరు ఆపి, ఇంకో పెద్ద సంగతి చెప్పడం మర్చిపోయానన్నాడు. బయలుదేరే చోట అమ్మవారి ముందు నిలబడి మొక్కు విప్పి చెప్పాలట. మొక్కినప్పుడు ఏ మాటలు అన్నారో అవే మాటలు. పేరు, ఊరు, ఇంటి నంబరు, పుట్టిన తేదీ, ఏం అడిగారు, ఏం ఇస్తామన్నారు. "లక్షల మంది నడుస్తారన్నా. ఎవరెవరో ఆవిడకెలా తెలుస్తుంది? పోస్టుమాన్‌కి చెప్పినంత వివరంగా చెప్పాలి. మాట తేడా వస్తే మొక్కు తీరినట్టు కాదు, మళ్లీ నడవాల్సిందే," అని చెప్పి, స్కూటరెక్కి హాయిగా వెళ్లిపోయాడు.

అప్పటినుంచీ ఆగూ నడకలో ఊపు తగ్గింది. ఇటుకల బరువు వల్ల కాదు. ఆ మొక్కులో ఏముందో తల్లిని అడగాలంటే అతనికి భయం. అరవయ్యేళ్లుగా అడక్కుండా తప్పించుకున్న ప్రశ్న అది.

సంగతేమిటంటే, ఆగూకి ఐదో ఏడు నడుస్తున్నప్పుడు ఆ ఇంట్లో ఇద్దరు ఆగూలు. ఒకడు ఇతను. రెండోది నిజం ఎద్దు. దిష్టి తగలకుండా పిల్లాడికి పశువు పేరు పెట్టారు, పశువుకి ఎలాగూ ఆ పేరే ఉంది. బోంగ్చీ గుమ్మంలోంచి "ఆగూ" అని కేకేస్తే ఇద్దరూ తల తిప్పేవాళ్లట. ఒకే వారంలో పిల్లాడికి విషజ్వరం వచ్చింది, ఎద్దుకి కడుపు ఉబ్బింది. బోంగ్చీ గుడికి పరిగెత్తి, మా ఆగూని కాపాడు తల్లీ అని మొక్కింది. ఎద్దు చచ్చింది, పిల్లాడు బతికాడు. అంతవరకూ ఊరందరికీ తెలుసు. ఏ ఆగూ కోసం మొక్కిందన్నదే ఎవరికీ తెలీదు. ఇంక మేనమామలు ఊరుకుంటారా! ప్రతి పెళ్లిలోనూ కాస్త తాగగానే, "మా చెల్లెలు ఎద్దునడిగితే అమ్మవారు వీణ్ణిచ్చి సరిపెట్టింది," అనేవాళ్లు. అందరూ నవ్వేవాళ్లు. అందరికన్నా ముందు ఆగూయే నవ్వేవాడు. ఆ మాట మాత్రం పంటిలో ఇరుక్కున్న పీచులా అక్కడే ఉండిపోయింది.

పైగా సాక్ష్యాలు కూడా ఎద్దు వైపే ఉన్నాయి. చచ్చిన ఎద్దుని కసాయికి ఇవ్వనివ్వలేదు బోంగ్చీ. పొలంలోనే, తూర్పుగట్టున కొండవేప కింద పూడ్పించింది. ఏటా సమాధులు శుభ్రం చేసే పండుగకి పెద్దల దగ్గర కోడీ సారా పెట్టి వచ్చాక, ఒక్కతే, ఈమధ్య కుర్చీ చక్రాలు తోసుకుంటూ అయినా సరే, ఆ చెట్టు కిందికి పోయి చిలగడదుంప తీగల మోపు పెట్టి వస్తుంది. పెద్దలకి పెట్టేటప్పుడు ఆవిడ కళ్లు పొడిగానే ఉంటాయి. చెట్టు దగ్గర్నుంచి వచ్చేటప్పుడు ఎర్రగా ఉంటాయి. ఇంక ఆగూ ఏమనుకోవాలి? పని చేసే ఎద్దు పోయింది, అన్నం తినే ఎద్దు మిగిలింది అనుకున్నాడు. కడుపులో పెట్టుకుని జీవితమంతా ఎద్దులాగే ఆ పొలంలో చాకిరీ చేశాడు.

మధ్యాహ్నానికి ఎండ ముదిరింది. మోకాలు మొరాయిస్తోంది. కొండవేప మూల దాకా పోకుండా వేరుశనగ నాటిన చెక్కలోంచి అడ్డంగా తిరిగి, ఏమీ ఎరగనట్టు షెడ్డు ముందుకొచ్చాడు ఆగూ. బోంగ్చీ చేతిలో తీసిన పాయని మళ్లీ గుట్టలో వేసేసింది.

"ఆ చుట్టు చెల్లదు. ఎద్దు కూడా ఎప్పుడూ మూల ఎగ్గొట్టలేదురా," అంది.

దాంతో పీచు కదిలింది. ఆగూ సంచి దించి కింద పడేశాడు. ఇటుకలు ఠంగుమన్నాయి. సాళ్లలోంచి లేహూన్ తల ఎత్తింది.

"మొక్కినప్పుడు ఏమన్నావో చెప్పమ్మా. చుయిసింగ్ అవే మాటలు చెప్పాలంటున్నాడు."

"మా ఆగూ నడుస్తాడు అన్నాను. చెప్పాను కదా."

"ఏ ఆగూ?"

బోంగ్చీ కత్తెర ఆగలేదు. కాడ తెగింది, వేర్లు తెగాయి, పాయ బుట్టలో పడింది.

"ఎద్దు," అంది.

అదుగో, వచ్చేసింది. ఆగూ అలవాటు కొద్దీ నవ్వబోయాడు, మొహం మాట వినలేదు. లేహూన్ చేతిలో కట్ట పట్టుకుని దగ్గరికొచ్చింది.

"బాగుంది," అన్నాడు ఆగూ. "ఎద్దు కోసం మొక్కు, నడిచేది నేను. మామయ్యలు తాగి వాగుతున్నారనుకున్నాను. తాగినా నిజమే చెప్పారన్నమాట."

"మీ మామయ్యలు నిజం ఎప్పుడు చెప్పారురా," అంది బోంగ్చీ. కత్తెర ఒళ్లో పెట్టుకుంది. "నిన్ను నడిమింట్లో నేల మీద చాపేసి పడుకోబెట్టేశారు. డాక్టరు సంచి సర్దుకుని పోయాడు. మీ నాన్న పెరట్లో శవప్పెట్టెకి చెక్కలు ఏరుతున్నాడు. పొట్టి చెక్కలు. అది చూసి గుడికి పరిగెత్తాను. నిన్నే అడగాలని పోయాను. పేరూ, ఊరూ చెప్పాను, చెక్కలు చేతిలో పట్టుకున్నాను. అప్పుడు భయమేసింది."

"ఏం భయం?"

"కుదరదంటే? చెక్కలు రెండూ బోర్లా పడితే? ఇంక ఆ పైన ఎవర్నని అడగను? అందుకని ఎద్దునడిగాను. ఎద్దుని కాదన్నా నేను బతగ్గలను."

గాలికి కత్తిరించిన కాడల పొట్టు లేచి అందరి కాళ్ల మీద పడింది. ఎవరూ దులుపుకోలేదు.

"మూడుసార్లూ సరేనంది," అంది ముసలావిడ. "పుట్టిన తేదీ చెప్పలేదు నేను. ఎద్దుకి తేదీ ఎక్కడిది? పోనీలే, ఎద్దయినా దక్కింది అనుకుంటూ ఇంటికొచ్చాను. వచ్చేసరికి ఎద్దు కాళ్లు చాపేసి ఉంది. నువ్వు లేచి కూర్చుని చిలగడదుంప కావాలని ఏడుస్తున్నావు."

ఇలాంటి సమయంలో ఎవరైనా తల్లి పాదాల మీద పడతారేమో, ఏమో. ఆగూ యూన్లిన్ రైతు. వెల్లుల్లి గుట్ట పక్కన కూలబడి, బూటు లేసు విప్పి, మళ్లీ కట్టుకున్నాడు. ముడి సరిగ్గా పడలేదు. మళ్లీ విప్పాడు.

"మరి కుర్రాడిగా ఉన్నప్పుడు పోతానంటే ఎందుకు పోనివ్వలేదు? బూట్లు కూడా దాచావు."

"ఆవిడ కంట పడితేనో?" అంది బోంగ్చీ, ఇంత తెలివితక్కువ ప్రశ్న ఈ మధ్య విననట్టు. "నాలుగుకాళ్లదాన్ని కదా ఇస్తానన్నాను, ఈ రెండుకాళ్లవాడు ఎక్కడినుంచి వచ్చాడూ అని ఆవిడ అడిగితే? పొరపాటు దిద్దుకుంటే? ఏటా నువ్వు సంచి కట్టడం, నా గుండె జారడం. వెల్లుల్లి ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఏం చెప్పి ఆపేదాన్ని?"

"ఇప్పుడు మాత్రం అడగదా?"

బోంగ్చీ కొడుకుని కింది నుంచి పైదాకా చూసింది. నిమ్మపండు బూట్లు, వంగిన మోకాలు, ముందరి పన్ను పోయిన నోరు, టోపీ కింద నెరిసిన జుట్టు.

"ఇప్పుడా? నిన్ను తీసుకుపోయి ఆవిడేం చేసుకుంటుందిరా?" అంది.

ముందు నవ్వింది లేహూన్. తర్వాత ఆగూకీ వచ్చింది నవ్వు. అది పెళ్లిళ్లలో నవ్విన నవ్వు కాదు. నవ్వుతూ నవ్వుతూ టోపీతో మొహం కప్పుకున్నాడు. లేహూన్ అతని వైపు చూడకుండా, చేతిలో కట్టని కాస్త అనవసరంగా విదిలిస్తూ నిలబడింది. ఆ తర్వాత, సాధన చాల్లే, ఇవాళ్టికి తిరిగింది తిరిగావు, వచ్చి రెండు సాళ్లు పీకు, పుణ్యం వస్తుంది అంది.

"ఇంకొక్క చుట్టు. ఇందాకటిది చెల్లలేదు కదా," అన్నాడు ఆగూ. ఇటుకల సంచి వీపుకి తగిలించుకున్నాడు.

నాలుగడుగులు వేశాడో లేదో వెనకనుంచి పిలుపు.

"ఒరే ఆగూ."

ఆగాడు.

"అక్కడ పేరు చెప్పు. ఊరు చెప్పు. ఇంటి నంబరు కూడా చెప్పు," అంది బోంగ్చీ. గొంతు తగ్గించి, అమ్మవారు ఎక్కడో సరుగుడు చెట్ల వెనక పొంచి ఉన్నట్టు అటు ఒకసారి చూసి, "పుట్టిన తేదీ మాత్రం చెప్పకు," అంది.

ఆగూ సరేనన్నట్టు తలూపాడు. సరుగుడు చెట్ల వెంట పోయాడు. కాలువ గట్టున కొంగలు తప్పుకున్నాయి. వరిమడి దాటాక వంగి, గట్టున పెరిగిన చిలగడదుంప తీగలు గుప్పెడు తెంచుకున్నాడు. మోకాలు కలుక్కుమంది. కొండవేప మూల ఈసారి ఎగ్గొట్టలేదు. ఊదారంగు పూలు రాలి నేలంతా పరచుకుని ఉన్నాయి. ఈ చెట్టు కింద అతను నిలబడి ఎన్నేళ్లయిందో. ఎద్దు మీద ఇన్నాళ్లూ ఎంత కుళ్లుకున్నాడో ఆ ఎద్దు విని ఉంటే సిగ్గుపడి చచ్చేవాడు. తీగలు అక్కడ పెట్టాడు. చిన్నప్పుడు తండ్రి నాగలి దగ్గర అన్నట్టే నాలుక టక్కుమనిపించి, "పద," అన్నాడు.

షెడ్డు దాకా మెల్లిగా, మూల తిరిగి, గట్టు మధ్యలోంచి కాకుండా ఒక పక్కకి ఒదిగి నడుచుకుంటూ వచ్చాడు. దూరం నుంచి కళ్లు చికిలించి చూస్తున్న బోంగ్చీ వెల్లుల్లి పాయ ఒకటి తీసి ఒళ్లో పెట్టింది. ఇంకోటి తీసి దాని పక్కన పెట్టింది.

"అత్తయ్యా, ఒక్క చుట్టుకి రెండు పెట్టారు," అంది లేహూన్.

"లెక్క సరిగ్గానే ఉందిలే," అంది బోంగ్చీ. "నువ్వు కాడలు కొయ్యి."